క్లాసులో టెక్నాలజీ, బోధన సామగ్రి: తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను. ఆ తర్వాత తోటి టీచర్లకూ లెక్చరర్లకూ డిజిటల్ పాఠాలు తయారుచేసుకోవడంలో సాయపడుతూ వస్తున్నాను. బడి నుంచి వచ్చినవాళ్ళయినా యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్ళయినా అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. కొన్నింటి దగ్గర కాసేపు కూర్చోక తప్పదు.

మా దగ్గర కొంత డబ్బు ఉంది. ముందుగా ఏ పరికరం కొనమంటారు?

కొనే ముందు ఒక కాగితం తీసుకోండి. పోయిన ఏడాది మీ సబ్జెక్టులో ఎక్కువమంది తడబడిన చోట్లు మూడు రాయండి. "విద్యుత్తు పాఠం కష్టం" అని రాస్తే లాభం లేదు. ఏ వాక్యం దగ్గర, ఏ లెక్క దగ్గర ఆగిపోయారో రాయాలి.

నా క్లాసులో జరిగింది చెప్తాను. రెండు ఒకే రకం బల్బులను శ్రేణిలో కలిపిన బొమ్మ గీసి, ఏది ఎక్కువ వెలుగుతుందని అడిగితే చాలామంది "మొదటిది" అనేవాళ్ళు. కరెంటు మొదటి బల్బులో కొంత ఖర్చయి, మిగిలినదే రెండోదానికి చేరుతుందని వాళ్ళ ఊహ. గొట్టంలో నీళ్ళతో పోల్చి చెప్పాను, సూత్రం రాయించాను. పరీక్షలో సూత్రం తప్పులేకుండా రాసినవాళ్ళే బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పాత జవాబే ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది ఫెట్ అనే ఉచిత వెబ్‌సైటులోని సిమ్యులేషన్ (ప్రయోగాన్ని తెర మీదే చేసి చూసే నమూనా) తెరిచి అదే సర్క్యూట్ కట్టించాను. తీగ పొడవునా చుక్కలన్నీ ఒకే వేగంతో కదులుతున్నాయి. ఒకమ్మాయి లేచి వచ్చి అమ్మీటరును మొదటి బల్బుకు ముందు పెట్టింది, తర్వాత రెండు బల్బుల మధ్య, ఆ తర్వాత రెండో బల్బు అవతల. మూడు చోట్లా ఒకే అంకె. కాసేపు తెరవంక చూసి, "మరి ఖర్చయ్యేది ఏంటి సార్?" అంది. శక్తి గురించి మాట్లాడటానికి అంతకన్నా మంచి అదను నాకు ఎప్పుడూ దొరకలేదు.

ఆ రోజు క్లాసుకు కావలసినవి ఒక పాత కంప్యూటరు, అందరికీ కనిపించే తెర. మీ కాగితం మీది మూడు చోట్లకు కావలసినవేమిటో చూసుకుని అప్పుడు కొనండి. నిజం బల్బులు, తీగలు ఉంటే వాటితో కూడా చేయించండి. చేత్తో పట్టుకున్న తీగ నేర్పేది వేరు, తెర మీది చుక్క నేర్పేది వేరు. రెండూ కావాలి.

స్మార్ట్ బోర్డు పెట్టించాక ఇంకా ఏం కావాలి?

దాని మీద చూపించడానికి పాఠాలు కావాలి, వాటిని తయారుచేసుకోవడానికి టీచరుకు తీరిక కావాలి. ఈ రెండూ లేనిచోట అది ఖరీదైన తెల్లబోర్డుగా మిగిలిపోవడం చూశాను. అమ్మడానికి వచ్చినవాళ్ళను ఒకే మాట అడగండి: దీంతో తయారుచేసిన ఫైలు ఇంకో కంపెనీ బోర్డు మీద తెరుచుకుంటుందా? "తెరుచుకోదు" అంటే మరోసారి ఆలోచించండి.

ఉచితంగా దొరికేవాటిలో నమ్మకంగా వాడదగ్గవి ఏవి?

చాలా ఉన్నాయి, వాటిలో మంచివన్నీ దాదాపు టీచర్లు మొదలుపెట్టినవే. ఇప్పుడు చెప్పిన ఫెట్‌ను 2002లో కొలరాడో యూనివర్సిటీలో కార్ల్ వీమన్ ప్రారంభించారు. అంతకుముందు ఏడాదే ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. తనకు దక్కిన గుర్తింపును బోధనవైపు మళ్ళించిన శాస్త్రవేత్తగా ఆయనంటే నాకు గౌరవం. లెక్కలకు జియోజీబ్రా ఉంది. సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో తన మాస్టర్స్ థీసిస్ కోసం మొదలుపెట్టిన పని అది. త్రిభుజం శీర్షాన్ని పట్టుకుని లాగుతుంటే కోణాలు మారుతూ, వాటి మొత్తం మాత్రం 180 డిగ్రీల దగ్గరే నిలబడటం పిల్లలు తమ కళ్ళతో చూస్తారు. చిన్నవాళ్ళకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి స్క్రాచ్ ఉంది. కాలేజీ స్థాయికి ఓపెన్‌స్టాక్స్ పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని అందరికీ తెరిచి ఉంచుతానని 2001లో ప్రకటించింది. ఆ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో లెక్చర్ నోట్సుకన్నా అసైన్‌మెంట్లు, పరీక్ష పేపర్లే నాకు ఎక్కువ పనికొచ్చాయి. మంచి లెక్క ఒకటి తయారుచేయడానికి ఎంత సమయం పడుతుందో చెప్పేవాళ్ళకే తెలుసు.

నమ్మకం సంగతికొస్తే, ఎంత పేరున్నదైనా క్లాసులో చూపించే ముందు ఆమూలాగ్రం మీరు ఒకసారి చూడండి. తప్పు దొరక్కపోయినా, మీ పిల్లలకు ఎక్కడ ఆపి అడగాలో తెలుస్తుంది.

ఇంటర్నెట్‌లో కనిపించిన బొమ్మను నా నోట్సులో పెట్టుకోవచ్చా?

కనిపించినంత మాత్రాన వాడుకునే హక్కు రాదు. ఉచితంగా చూడటం ఒకటి, కాపీ చేసి పంచుకోవడం ఇంకొకటి. పంచుకునే అనుమతిని ముందే రాసి ఉంచేవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. ఇవి 2002లో వచ్చాయి. నాలుగు గుర్తులు తెలుసుకుంటే చాలు. "బై" అంటే తయారుచేసినవాళ్ళ పేరు చెప్పాలి. "ఎస్‌ఏ" అంటే మీరు మార్చి తయారుచేసింది కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. "ఎన్‌సీ" ఉంటే వ్యాపారానికి వాడకూడదు. "ఎన్‌డీ" ఉంటే మార్చినదాన్ని పంచుకోకూడదు.

ఈ చివరిది మన భాషలో పాఠాలు తయారుచేసేవాళ్ళు తప్పక గుర్తుపెట్టుకోవాలి. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. ఎన్‌డీ ఉన్న పాఠాన్ని ఎంతో శ్రమపడి తెలుగులోకి తెచ్చి, ఆ తర్వాత ఎవరికీ ఇవ్వలేని పరిస్థితిలో పడకండి. మొదలుపెట్టకముందే లైసెన్సు చూడండి. బొమ్మ కింద దాని పేరు, తయారుచేసినవారి పేరు, దొరికిన చోటు, లైసెన్సు రాయండి. ఒక్క పంక్తి పని. ఆ పంక్తిని చూసే పిల్లలకు కూడా ఆ అలవాటు వస్తుంది.

మా దగ్గర నెట్ సరిగా ఉండదు. ఇవన్నీ మాకు పనికొస్తాయా?

పనికొస్తాయి. నెట్ లేకుండా నడిచేలాగే తయారుచేసినవి ఉన్నాయి. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపుకుని నెట్ లేని కంప్యూటర్లో చదువుకోవచ్చు. కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఒక్క కంప్యూటర్లో పెట్టి, నెట్ ఉన్నచోటికి తీసుకెళ్ళి వీడియోలు, అభ్యాసాలు నింపుకుని తెస్తే, బడిలోని మిగతా పరికరాలన్నీ లోకల్ వైఫై ద్వారా దాన్నుంచే చదువుకుంటాయి. అంతపనీ రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతిలో ఇమిడే కంప్యూటరుతోనే జరుగుతుంది. ఫెట్‌లో కొత్తరకం సిమ్యులేషన్లను ఒక్కోదాన్ని ఫైలుగా దింపుకోవచ్చు, బ్రౌజరు ఉంటే చాలు.

నెట్ బాగున్న బడివాళ్ళకు కూడా నేను ఇదే చెప్తాను: రేపటి పాఠం ఇవాళే దింపుకోండి. తెర మీద చక్రం తిరుగుతుంటే నలభైమంది పిల్లలు ఎదురుచూసే ఆ రెండు నిమిషాల్లో క్లాసు చేజారిపోతుంది.

వీడియో పాఠం ఎంత నిడివి ఉండాలి?

ఫిలిప్ గువో, మరో ఇద్దరు పరిశోధకులు 2014లో ఎడ్‌ఎక్స్ అనే వేదిక నడిపే ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించారు. వీడియో ఎంత పొడుగున్నా, మధ్యస్థంగా చూసిన సమయం ఆరు నిమిషాలు దాటలేదు. అవి ఎవరి బలవంతమూ లేకుండా ఆన్‌లైన్లో చదువుకునేవాళ్ళ లెక్కలు కాబట్టి దీన్ని శిలాశాసనంలా తీసుకోనక్కర్లేదు. కానీ గంట లెక్చరును అలాగే రికార్డు చేసి పెట్టడం కన్నా, ఒక్కో భావనకు ఒక్కో చిన్న వీడియో చేయడం మేలని నా అనుభవం కూడా చెప్తోంది. అదే అధ్యయనంలో, స్లైడ్లు చూపిస్తూ మాట్లాడే వీడియోలకన్నా చేత్తో గీస్తూ చెప్పే వీడియోలను ఎక్కువసేపు చూశారని తేలింది. గీత పడుతున్నంతసేపూ ఆలోచన ఎటు వెళ్తోందో కనిపిస్తుంది, అందుకే అనుకుంటాను.

కెమెరా గురించి బెంగపడకండి, శబ్దం మీద శ్రద్ధ పెట్టండి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా చూస్తారు. మాట సరిగా వినపడకపోతే కట్టేస్తారు. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, మైకును నోటికి దగ్గరగా పెట్టుకుంటే సగం సమస్య తీరినట్టే. మిగతాది ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లో సరిచేసుకోవచ్చు.

స్లైడ్లలో ఎంత రాయాలి?

మీరు నోటితో చెప్పబోయేది అందులో రాయకండి. బొమ్మ చూపిస్తూ మాటతో వివరిస్తే బాగా అర్థమవుతుందని, అవే మాటలను తెర మీద కూడా పెడితే కళ్ళకు పని ఎక్కువై నేర్చుకోవడం తగ్గుతుందని మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాల్లో తేలింది. దీనికి మినహాయింపు ఉంది. తమది కాని భాషలో పాఠం వింటున్నవాళ్ళకు, సరిగా వినపడనివాళ్ళకు అక్షరాలు ఆసరా. కాబట్టి స్లైడు మీద బొమ్మ, ముఖ్యమైన పదం ఉంచి, పూర్తి వివరణను నోట్సుగా విడిగా ఇవ్వండి.

చూపు లేని విద్యార్థి మా కోర్సులో చేరారు. మేమేం మార్చుకోవాలి?

ఈ ప్రశ్న కోర్సు మొదలయ్యేముందే అడిగినందుకు సంతోషం. చాలాచోట్ల మొదటి ఇంటర్నల్ పరీక్ష అయ్యాక అడుగుతారు.

ఒక కాలేజీలో ఇలాంటి విద్యార్థి పక్కన కూర్చున్నాను. రీడింగ్ మెటీరియల్ అని లెక్చరర్ పంపిన పీడీఎఫ్‌లు పన్నెండు. మొదటిది తెరిచి ఆ కుర్రాడు స్క్రీన్ రీడరును, అంటే తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరును, నడిపించాడు. "ఇమేజ్" అంది. కిందికి వెళ్ళాడు. "ఇమేజ్". పన్నెండింటిలో తొమ్మిది అంతే. పుస్తకం పేజీలను ఫొటో తీసి పీడీఎఫ్‌గా మార్చారు. చూసేవాళ్ళకు అవి అక్షరాలు, సాఫ్ట్‌వేరుకు వట్టి బొమ్మలు. అతను ఫిర్యాదు చేయలేదు, స్నేహితుడొకడు రాత్రిళ్ళు చదివి వినిపిస్తున్నాడని మామూలుగా చెప్పాడు. ఆ మామూలుతనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎవరూ కావాలని చేసింది కాదు, ఎవరూ చూసుకోలేదు, అంతే.

మీ పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని మౌసుతో సెలెక్ట్ చేసి చూడండి. సెలెక్ట్ కాకపోతే అది బొమ్మే, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి రాతగా మార్చడం) చేయించాలి. చేయించాక ఒకసారి చదివి తప్పులు దిద్దాలి, ముఖ్యంగా సూత్రాలు, పట్టికలు. వర్డ్ ఫైల్లో శీర్షికలను లావు అక్షరాలతో సరిపెట్టకుండా హెడింగ్ స్టైలుతో పెట్టండి. అప్పుడు స్క్రీన్ రీడరు ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకగలదు. ప్రతి బొమ్మకూ ఏం చూపిస్తోందో ఒక వాక్యం రాయండి. "గ్రాఫ్" అంటే సరిపోదు, "ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతున్నట్టు చూపే గ్రాఫ్" అనాలి. బోర్డు మీద "ఇది దీంతో కలిస్తే" అనకుండా పేర్లు పలకండి. సరిగా వినపడనివాళ్ళ కోసం వీడియోలకు సబ్‌టైటిల్స్ కూడా పెట్టండి. రంగును మాత్రమే నమ్ముకోకండి. ఎరుపు గీత, ఆకుపచ్చ గీత ఒకేలా కనిపించే పిల్లలు దాదాపు ప్రతి బడిలోనూ ఉంటారు, ఆ సంగతి వాళ్ళకే తెలిసి ఉండకపోవచ్చు.

క్విజ్ యాప్‌లతో నిజంగా లాభం ఉందా?

లాభం యాప్‌లో లేదు, గుర్తుచేసుకోవడంలో ఉంది. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో కొందరు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది, గుర్తుచేసుకుని రాసినవాళ్ళకే ఎక్కువ నిలిచింది. చదివిందే చదువుతూ "వచ్చేసింది" అనుకునే పిల్లలందరికీ ఈ సంగతి చెప్పాలి.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ పాటించిన పద్ధతి పెద్ద క్లాసులకు బాగా సరిపోతుంది. ప్రశ్న వేస్తారు, ఎవరికి వాళ్ళు ఆలోచించి జవాబు ఎంచుకుంటారు, పక్కవాళ్ళతో వాదించుకుంటారు, మళ్ళీ ఎంచుకుంటారు. దీనికి క్లిక్కర్లు (జవాబును నొక్కి పంపే చిన్న రిమోట్లు) ఉంటే సరే, లేకపోతే అట్టముక్కల మీద నాలుగు అక్షరాలు రాసిస్తే చాలు, చేతులెత్తగానే క్లాసంతా ఎటుందో తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త: వేగానికి మార్కులిచ్చే ఆటలు నెమ్మదిగా ఆలోచించే పిల్లలను వెనక్కి నెడతాయి. గడియారం తీసేయండి.

పాఠాలు, అసైన్‌మెంట్లు, మార్కులు ఒకేచోట నడిపే మూడిల్ లాంటిది పెట్టుకోవాలా?

ఇద్దరు ముగ్గురు టీచర్లయితే అక్కర్లేదు, చక్కగా పేర్లు పెట్టిన ఫోల్డర్లు చాలు. విభాగాలు, సెక్షన్లు, అసైన్‌మెంట్లు పెరిగితే కావాలి. మూడిల్ 2002 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్, మీ సర్వర్లోనే నడుపుకోవచ్చు. కానీ దాన్ని చూసుకునే మనిషి ఉండాలి. అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసేవాళ్ళు లేకుండా పెట్టుకుంటే పరీక్షల వారంలో ఏడిపిస్తుంది.

విద్యార్థులు చాట్‌జీపీటీతో అసైన్‌మెంట్లు రాస్తున్నారు. కనిపెట్టే సాఫ్ట్‌వేరు కొనాలా?

కొనవద్దు. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే ఏఐ రాతను కనిపెట్టే పనిముట్టును విడుదల చేసి, కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా ఏఐ రాసినవని తేల్చాయి. కష్టపడి పరాయి భాషలో రాసిన పిల్లవాణ్ణి ఒక యంత్రం మాట నమ్మి దొంగ అనడం కన్నా పెద్ద అన్యాయం క్లాసులో ఇంకొకటి లేదు.

అసైన్‌మెంటునే మార్చండి. చిత్తుప్రతి, దిద్దిన ప్రతి రెండూ అడగండి. రాసినదాని మీద అయిదు నిమిషాలు నోటితో అడగండి: ఈ మాట ఎందుకు వాడావు, ఈ మెట్టు తర్వాత ఇది ఎలా వచ్చింది? ల్యాబులో తాము తీసిన కొలతల మీదే రాయమనండి. ఏఐని ఎక్కడ వాడొచ్చో, ఎక్కడ కూడదో సెమిస్టరు మొదట్లోనే రాతపూర్వకంగా చెప్పండి. టీచర్లు ప్రశ్నల ముసాయిదా కోసం వాడుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ప్రతి జవాబునూ మీరే చేసి చూడాలి. లేని పుస్తకాలను ఉన్నట్టుగా, పేజీ నంబర్లతో సహా ఎంతో ధీమాగా చెప్పగలదు అది.

క్లాసులో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఉండనివ్వాలా?

పని ఉన్నప్పుడు బయటికి, పని అయ్యాక లోపలికి. 2013లో వచ్చిన ఒక అధ్యయనం నన్ను ఆలోచింపజేసింది. లెక్చరు మధ్య ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చేసుకున్నవాళ్ళకే కాదు, వాళ్ళ తెర కనిపించేలా వెనక కూర్చున్నవాళ్ళకు కూడా మార్కులు తగ్గాయి. అందుకే ఇది ఎవరిష్టం వాళ్ళదని వదిలేసే విషయం కాదు. నోట్సు చేత్తో రాయడమే మేలన్న 2014 నాటి పరిశోధన బాగా ప్రచారంలోకి వచ్చింది కానీ, తర్వాత మళ్ళీ చేసి చూసినప్పుడు ఫలితం అంత స్పష్టంగా రాలేదు. ఆ విషయంలో పిల్లలకు కుదిరిన పద్ధతిని వాళ్ళనే ఎంచుకోనివ్వండి.

పిల్లల వివరాలు యాప్‌లకు ఇవ్వడం సురక్షితమేనా?

తప్పనిసరి కానిది ఏదీ ఇవ్వకండి. పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఫొటో అడిగే యాప్ క్విజ్ కోసం అవి ఎందుకు అడుగుతోందో చెప్పలేకపోతే ఇంకొకటి వెతకండి. తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లల పేరుతో ఖాతా తెరవకండి.

ఇప్పుడు తయారుచేసినవి పదేళ్ళ తర్వాత తెరుచుకుంటాయా?

బ్రౌజర్లలో యానిమేషన్లు నడిపిన ఫ్లాష్ సంగతి గుర్తుందా? రెండు దశాబ్దాల పాటు విద్యా యానిమేషన్లు ఎన్నో అందులోనే తయారయ్యాయి. 2020 డిసెంబరు 31తో దానికి అడోబీ మద్దతు ఆగిపోయింది. గుండె కొట్టుకునే యానిమేషన్లు, గ్రహణాల నమూనాలు, ఎవరెవరో టీచర్లు సెలవుల్లో కూర్చుని చేసినవి, ఎన్నో బ్రౌజర్లలో ఖాళీ గళ్ళుగా మిగిలాయి.

పాఠాన్ని మామూలు ఫార్మాట్లో దాచండి: రాత అయితే ఓడీటీ లేదా హెచ్‌టీఎంఎల్, వీడియో అయితే ఎంపీ4. పీడీఎఫ్ ఇస్తే దాన్ని తయారుచేసిన మూల ఫైలు కూడా పక్కనే ఉంచండి, లేకపోతే ఒక్క అక్షరం దిద్దడానికి మళ్ళీ మొత్తం టైపు చేయాలి. తెలుగును యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలు ఒకేలా కనిపించే పద్ధతి) రాయండి. పాత ఫాంట్లలో టైపు చేసిన నోట్సు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది, వెతికినా దొరకదు. ఏ ఆన్‌లైన్ సర్వీసులో మొదలుపెట్టినా మొదటి రోజే ఎక్స్‌పోర్ట్ బటన్ ఎక్కడుందో చూసి, ఒకసారి నొక్కి, వచ్చిన ఫైలు తెరిచి చూడండి.

టీచర్లకు శిక్షణ ఎలా ఇస్తే నిలుస్తుంది?

రెండు రోజుల వర్క్‌షాపులు నేనూ చాలా నడిపాను. అందులో నేర్చుకున్నది నెల తిరక్కుండా మరిచిపోతారు. నిలబడింది వేరు: ఒకే సబ్జెక్టు చెప్పే ఇద్దరు కలిసి ఒక్క పాఠం తయారుచేసుకోవడం, ఒకరి క్లాసులో ఇంకొకరు వెనక కూర్చుని చూడటం, సాయంత్రం అరగంట మాట్లాడుకోవడం. టైమ్‌టేబుల్లో వారానికి ఒక పీరియడ్ దీనికి కేటాయించిన ప్రిన్సిపాల్ ఏ పరికరం కొన్నవారికన్నా ఎక్కువ సాయం చేసినట్టు.

ఇదంతా ఫలించిందో లేదో ఎలా తెలుస్తుంది?

"క్లాసు బాగుందా?" అని అడిగితే పిల్లలు బాగుందనే అంటారు. కొత్త వస్తువు వచ్చినప్పుడు ఉండే సందడి అది, నెలలో తగ్గిపోతుంది. మొదట రాసుకున్న కాగితం బయటికి తీయండి. మూడు చోట్లకూ మూడు చిన్న ప్రశ్నలు తయారుచేసి, పాఠానికి ముందు ఒకసారి, పాఠం అయ్యాక ఆరు వారాలకు మళ్ళీ ఒకసారి, మార్కులు లేకుండా రాయించండి. ఆ వారాల్లో ఆ పాఠం ఊసెత్తకండి.

నేను రెండు బల్బుల బొమ్మే ఇచ్చేవాణ్ణి, బ్యాటరీని కుడివైపు నుంచి ఎడమవైపుకు మార్చి. సిమ్యులేషన్ చూపించిన మొదటి ఏడాది ఆరు వారాల తర్వాత కూడా కొందరు "దగ్గరున్న బల్బు" అనే రాశారు. వాళ్ళెవరో కనుక్కుంటే, ఆ రోజు మౌసు పట్టుకోకుండా దూరం నుంచి చూసినవాళ్ళే ఎక్కువమంది. మరుసటి ఏడాది నుంచి ముగ్గురికి ఒక కంప్యూటరు చొప్పున కూర్చోబెట్టి, అమ్మీటరు ఒకరి తర్వాత ఒకరు జరిపేలా చేశాను.